చిత్రగిరి గోడమీది చిలక

అనగనగా ఒక రాజు ఉండేవాడు. అలాంటిలాంటి రాజు కాదు. ఆయన తుమ్మితే పొరుగు రాజ్యంలో ఉరిమిందనుకుని కళ్ళాల్లో ఆరబెట్టిన వడ్లు లోపలికి తెచ్చుకునేవారు. ఆయన పేరు ధవళకీర్తి. ఆయనకు ముగ్గురు కొడుకులు.

పెద్దవాడు ఉగ్రబాహువు. ఒకసారి ఏనుగును తోక పట్టుకుని గిరగిరా తిప్పి విసిరాడు. అది మూడో ఊరి చెరకుతోటలో పడింది. లేచి చుట్టూ చూసుకుని, ఇక్కడే బాగుందిలే అని మేస్తూ ఉండిపోయింది. రెండోవాడు చతురసేనుడు. చదరంగంలో ఎదుటివాడు పీట వేసుకోకముందే వాడి రాజును కట్టేసేవాడు. మూడోవాడు కుముదుడు. అతనికి భయం.

దేనికి భయమని అడిగితే చెప్పడం కష్టం. వాన పడితే కోట కూలుతుందని భయం. పడకపోతే పంట ఎండుతుందని భయం. పిల్లి ఎదురొస్తే భయం. రోజూ వచ్చే పిల్లి రాకపోతే దానికేమైందోనని మరీ భయం. అతని గుండె దడదడలకు పడకగది గోడల సున్నం రాలిపోయేది. రాజుగారు ఏడాదికి మూడుసార్లు వెల్ల వేయించేవారు.

ఒకనాడు ఏడు సముద్రాల అవతలి నుంచి ఒక ఓడ వర్తకుడు కొలువుకు వచ్చాడు. వచ్చి, చేతులు జోడించి చెప్పాడు.

"మహారాజా! ఆవలి తీరాన చిత్రగిరి అని ఒక కొండ ఉంది. ఆ కొండను తొలిచి బౌద్ధ భిక్షువులు గుహాలయం కట్టుకున్నారు. లోపల గోడ గోడంతా బొమ్మలే. ఆ బొమ్మల్లోని జాజిపూల వాసనకు తేనెటీగలు వచ్చి గోడకు ముక్కు కొట్టుకుని మూర్ఛపోతుంటాయి. అలాంటి చోటిని ధూమ్రకేశుడనే మాంత్రికుడు పట్టుకున్నాడు. భిక్షువుల్నీ, ఆ దేశపు రాజునూ బొమ్మలుగా గీసి గోడలోకి పంపేశాడు. వాడి ప్రాణం ఆ గుహలోనే, గోడమీది ఒక చిలక బొమ్మలో ఉందట. దాన్ని కనిపెట్టి ముట్టుకున్నవాడిని పెళ్ళాడతానని అక్కడి రాకుమారి అరుణరేఖ ప్రతిన పట్టింది."

"చిలకను ముట్టుకోవడమేనా! నేను కొండనే ఎత్తుకొస్తాను" అని ఉగ్రబాహువు ఓడెక్కాడు. తిరిగి రాలేదు.

"అన్నకు బలముంది గానీ బుర్ర లేదు" అని చతురసేనుడు ఓడెక్కాడు. అతనూ తిరిగి రాలేదు.

రాణిగారు మాత్రం భోజనాల వేళ మూడు పీటలూ వేయించేది. రెండు పీటలు ఖాళీగా ఉండేవి. ఆమె ఏడ్చేది కాదు. ఆ రెండు విస్తళ్ళలోనూ అన్నం వడ్డించి, చల్లారేదాకా చూస్తూ కూర్చునేది. కుముదుడికి ముద్ద దిగేది కాదు. వెళ్ళాలంటే భయం. వెళ్ళకుండా ఆ ఖాళీ పీటల ముందు ఇంకొక్క పూట కూర్చోవాలంటే అంతకు పదింతల భయం.

"అమ్మా, నేను వెళ్ళొస్తాను" అన్నాడు.

"నువ్వా నాయనా?" అంది రాణి. ఆ మాట విని దాసీలు కూడా చేస్తున్న పని ఆపేశారు.

"నేనే. వేరే ఎవరూ మిగల్లేదు కదమ్మా."

సముద్రం ఒడ్డుకు వచ్చాడు. ఓడ చూడగానే కాళ్ళు వణికాయి. ఆ వణుకుకు ఇసుకలోని పీతలు భూకంపమనుకుని వలసపోయాయి. అంతలో పక్కన ఎవరో మూలిగారు. చూస్తే కొండంత తాబేలు. అల తిరగేసి పారేసినట్టుంది, వెల్లకిలా పడి నాలుగు కాళ్ళూ ఆడిస్తోంది. కుముదుడు ముందు పారిపోయాడు. పారిపోయి, ఎండకు అది చచ్చిపోతుందేమోనని భయపడి వెనక్కి వచ్చాడు. భుజం ఆనించి నెట్టాడు, నెట్టాడు, నెట్టాడు. తాబేలు బోర్లాపడింది.

"బతికించావురా మనవడా" అంది తాబేలు. "ఎక్కడికి ప్రయాణం?"

"చిత్రగిరికి తాతా. మా అన్నలు అక్కడ చిక్కుకున్నారు. నాకేమో ఓడంటే భయం."

"ఓడ మునుగుతుంది. నేనెప్పుడైనా మునిగానా? ఎక్కు."

"మీరు మునగడం మామూలే కదా తాతా?"

తాబేలు మెడ లోపలికి లాక్కుని, మళ్ళీ బయటపెట్టింది. "నువ్వున్నంతసేపు మునగను, ఒట్టు" అంది.

ఉప్పు సముద్రం దాటారు. దాని అలలు తాటిచెట్ల మీద తాటిచెట్లు నిలబెట్టినంత. చెరకు రసం సముద్రం దాటారు. అక్కడ చీమలు పడవలేసుకుని తిరుగుతున్నాయి. పాల సముద్రం, పెరుగు సముద్రం, నేతి సముద్రం, కల్లు సముద్రం అన్నీ దాటారు. కల్లు సముద్రంలో తాబేలు రెండు గుక్కలు తాగి, దారి తప్పి, మళ్ళీ నేతి సముద్రానికే వచ్చింది. చివరికి మంచినీళ్ళ సముద్రం దాటి ఒడ్డెక్కారు. ఇంత దూరమూ కుముదుడు కళ్ళు మూసుకునే ఉన్నాడు.

కళ్ళు తెరిస్తే ఎదురుగా చిత్రగిరి.

నల్లటి కొండ. ఆ కొండ నడుమున గుర్రపు లాడం ఆకారంలో ఒక పెద్ద కిటికీ, కిందే వాకిలి. వాకిలికి అటూ ఇటూ రాతి ద్వారపాలకులు. వాకిలి మీది రాతిదూలాన్ని పొట్టి పొట్టి రాతి మరుగుజ్జులు భుజాల మీద మోస్తున్నారు. వాళ్ళలో ఒకడి మొహం బరువుకు ముడుచుకుపోయి ఉంది. "కాస్త ఓర్చుకోండి, ఇప్పుడే వచ్చేస్తాను" అన్నాడు కుముదుడు వాడితో, వాడు వదిలేస్తాడేమోనని భయపడి.

"రాయితో మాట్లాడతావేంటి?" అని ఎవరో నవ్వారు.

వాకిలి పక్కన అరుగు మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఆమె కళ్ళు మెరిస్తే ఎండకు నీడ పడింది. అంత వెలుగు! కానీ చీర అంచు కింద ఆమె పాదాలు బూడిదరంగులో, పాలిపోయి, చెక్కినట్టు కదలకుండా ఉన్నాయి. ఆమే అరుణరేఖ.

"వెనక్కి పో రాకుమారా" అంది. "ఇక్కడికి చాలామంది వచ్చారు. మీసాలున్నవాళ్ళే గోడెక్కారు. నీకైతే ఇంకా మీసమే సరిగ్గా రాలేదు."

"మీ పాదాలకేమైందండీ?"

"ఒక చిలకను తప్పుగా ముట్టుకున్నాను. వాడి పందెం అది. రోజుకొకసారి లోపలికి పోయి ఒక చిలకను ముట్టుకోవచ్చు. సరైనది ముట్టుకుంటే వాడు పోతాడు. తప్పితే వాడు గోడమీద మన పాదాలు గీస్తాడు, ఇవి ఇలా అయిపోతాయి. రెండోసారి తప్పితే చేతులు. మూడోసారి తప్పితే ఒళ్ళంతా గీసి చివర కళ్ళు పెడతాడు. ఏ చిత్రకారుడైనా కళ్ళు ఆఖరున కదా పెట్టేది! కళ్ళు పడ్డాయంటే మనిషి గోడలోకి పోయినట్టే."

అంతలో గుహలోంచి ఒకాయన వచ్చాడు. పొగరంగు జుట్టు, నున్నటి మాట, చేతిలో కుంచె, మరో చేతిలో వెలుగుతున్న దివిటీ. ధూమ్రకేశుడు!

"రండి బాబూ, రండి! ఎంత దూరం నుంచి వచ్చారో పాపం. లోపల చీకటి. ఈ దివిటీ పట్టుకెళ్ళండి. నూనె నాదే, నిదానంగా చూడండి" అన్నాడు, అల్లుణ్ణి పిలిచినట్టు.

ఎంత మంచివాడో అనిపించింది కుముదుడికి. అనిపించగానే ఇంకా భయం వేసింది. అయినా దివిటీ అందుకున్నాడు.

లోపలికి అడుగు పెట్టాడు. అబ్బ, ఏం బొమ్మలవి! ఒక గోడ మీద ఏనుగుల మంద తామరకొలనులో ఆడుతోంది. అవి చిమ్మిన నీళ్ళకు అతని పంచె తడిసిపోయింది. ఒక గోడ మీద రాచకన్య అద్దంలో చూసుకుంటోంది. ఆ అద్దంలో కుముదుడి మొహం కనబడింది. ఒక గోడ మీద ఓడలు, వర్తకులు, గుర్రాలు, మొసళ్ళు. నడుమ గుండ్రటి రాతి చైత్యం, దాని ముందు బుద్ధ భగవానుడి విగ్రహం, అరమూసిన కళ్ళతో, వేళ్ళు మడిచి. ఇంత కొండ నెత్తిన ఉన్నా ఆయనొక్కడే అక్కడ నిశ్చింతగా ఉన్నాడు. కుముదుడు దండం పెట్టుకుని పక్కకు చూశాడు. చూసి కెవ్వుమన్నాడు.

ఊరేగింపు బొమ్మలో గుర్రం మీద ఉగ్రబాహువు! మీసం మెలేస్తూ, నోరు తెరుచుకుని, ఏదో గొప్ప చెప్పుకుంటూ ఆగిపోయినట్టు. వెనక గుర్రం మీద చతురసేనుడు, నుదుటి మీద వేలు పెట్టుకుని. ఇద్దరి కళ్ళూ తడిగా ఉన్నాయి. రంగు తడేనా?

"అన్నయ్యా..." అన్నాడు.

ఇక చిలకలు. ఎక్కడ చూసినా చిలకలే! కొమ్మల మీద, పంజరాల్లో, రాకుమార్తెల ముంజేతుల మీద. లెక్కపెట్టబోతే అంకెలు అయిపోయాయి. దివిటీ వెలుగులో అన్నీ ఒకేలా, నల్లటాకుపచ్చగా ఊగుతున్నాయి. రాచకన్య భుజం మీది చిలక తనను గుచ్చి చూస్తున్నట్టు తోచింది. ఇదే అయి ఉంటుంది, ఇంత భయం వేస్తోంది కదా అనుకున్నాడు. ముట్టుకున్నాడు.

"కాదు బాబూ" అంది వెనకనుంచి నున్నటి గొంతు. కుంచె గోడ మీద సర్రున పాకింది. రెండు పాదాలు పడ్డాయి గోడ మీద. కుముదుడి మడమల నుంచి చలి పైకెక్కింది. పాదాలు బూడిదరంగుకు తిరిగి, ఇక తనవి కానట్టు ఉండిపోయాయి.

అరుగు దాకా డేక్కుంటూ వచ్చి అరుణరేఖ పక్కన కూలబడ్డాడు.

"చెప్పానా?" అంది ఆమె. కానీ నవ్వలేదు. తన ఉత్తరీయం తీసి అతని పాదాల మీద కప్పింది.

"వెచ్చగా ఉందా?"

"తెలీడం లేదండీ."

"నాకూ తెలీదు. అయినా కప్పుకుంటాను."

మర్నాడు పొద్దున తాబేలు వాకిలి దగ్గరికి పాకి వచ్చింది. "నా వీపుంది కదరా మనవడా, ఎక్కు" అంది. కుముదుడు ఎక్కాడు. మాంత్రికుడు మళ్ళీ నవ్వుతూ దివిటీ ఇచ్చాడు. తాబేలు లోపలికి నడిచింది. మీరు తాబేలు నడక చూశారు, ఈ తాబేలు నడక చూడలేదు. ఒక కాలు ఎత్తి పెట్టేలోగా పైకప్పు మీది సాలెపురుగు గూడు కట్టి, సంసారం చేసి, మనవలను ఎత్తుకునేది.

చైత్యం వెనక సందులో పైకప్పుకు గబ్బిలాలు వేలాడుతున్నాయి. దివిటీ పొగ తగిలి ఒక ముసలి గబ్బిలం దగ్గింది.

"తగలెట్టండి, తగలెట్టండి! వచ్చిన ప్రతివాడూ దివిటీయే. మా కళ్ళూ గొంతూ మసి కొట్టుకుపోతున్నాయి."

"క్షమించు అవ్వా" అని కుముదుడు దివిటీని దూరం పెట్టి, రెండో చేత్తో పొగను విసిరాడు.

గబ్బిలం తలకిందులుగానే అతణ్ణి ఎగాదిగా చూసింది. దానికి ఎగాదిగా అంటే కింద నుంచి పైకి అన్నమాట. "ఇన్నేళ్ళలో క్షమించమన్నవాడివి నువ్వే. సరే, విను. వాడు మొదట వచ్చినప్పుడు చిత్రకారుణ్ణని చెప్పుకుని భిక్షువుల దగ్గర చేరాడు. ఈ గుహలో నిప్పు తేకూడదని కట్టడి. మసి పట్టి బొమ్మలు పాడవుతాయని. వాడు మాత్రం అందరి కళ్ళూ కప్పి, నూనెదీపం తెచ్చి, అన్నిటికన్నా లోపలి గదిలో దానిమ్మతోట బొమ్మ ముందు కూర్చుని ఏదో గీశాడు. ఆ నూనె కంపు నాకిప్పటికీ గుర్తు."

లోపలి గదికి వెళ్ళారు. దానిమ్మతోట! కొమ్మకొమ్మకూ చిలకలు. ఇక్కడా అన్నీ ఒకేలా. కుముదుడు దివిటీ ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. జ్వాల ఊగితే చిలకలన్నీ ఊగాయి. నూనె కంపు కోసం ముక్కు ఆనించి చూశాడు. దివిటీ కంపే తగిలింది. చెమటలు ధారగా కారాయి. ఆ ధారలో తాబేలు కాసేపు ఈదింది. పండు పొడుస్తున్న చిలక మీద వేలు పెట్టాడు.

"అదీ కాదు బాబూ" అన్నాడు మాంత్రికుడు. కానీ ఈసారి గొంతులో నున్నదనం ఒక్క పిసరు తగ్గింది. గబగబా గీశాడు. గోడ మీద రెండు చేతులు పడ్డాయి. కుముదుడి చేతులు బూడిదరంగుకు తిరిగి పక్కన వేలాడిపోయాయి. దివిటీ జారి కిందపడి ఆరిపోయింది.

చీకటి. ఆ చీకట్లో ఒక్క క్షణం అతని గుండె కొట్టుకోవడం మానేసింది. అది కూడా భయపడి దాక్కుంది.

బయటికి వచ్చాక అరుణరేఖ అతని నోటికి నీళ్ళు అందించింది. "చాలించు" అంది. "చేతుల్లేకపోయినా బతకొచ్చు. నేను తినిపిస్తాను. రేపు తప్పితే మాత్రం..."

"రేపు వెళ్ళకపోతే మా అన్నలో?"

ఆమె నీళ్ళ గిన్నె కింద పెట్టి, జారిన ఉత్తరీయాన్ని మళ్ళీ అతని పాదాల మీదికి లాగింది.

"రాకుమారీ, ఒక్క మాట. నవ్వకూడదు మరి. నాకు చచ్చేంత భయంగా ఉంది. గోడంటే కాదు, కళ్ళు పోవడమంటే కూడా కాదు. ఆ చీకటి. దివిటీ వెలిగిస్తే చీకటి పోదు, చుట్టూ నిలబడి ఊగుతుంటుంది. ఆ చీకట్లోకి నేను మళ్ళీ పోలేను. పట్టపగలు ఎంత దూరం ఉంటే అంత దూరమే పోతాను."

"పగలు ఈ వాకిలి దగ్గరే ఆగిపోతుంది కదా!"

"మరి గబ్బిలం అవ్వ చెప్పినట్టు గుహలోకి నిప్పు తేకూడదంటే, ఈ బొమ్మలేసిన చిత్రకారులు లోపల ఎలా గీశారు?"

అరుణరేఖ నిటారుగా కూర్చుంది. "ఎండను లోపలికి తీసుకెళ్ళేవాళ్ళు! వాకిట్లో ఇత్తడి పళ్ళెం పెట్టి ఎండను లోపలికి కొట్టేవాళ్ళు. మలుపు దగ్గర తెల్లబట్ట కట్టి దాని మీద పడిన వెలుగును గదిలోకి మళ్ళించేవాళ్ళు. చిన్నప్పుడు నాన్న వెంట వచ్చి చూశాను. ఇప్పుడెవరికి కావాలి అదంతా? వచ్చిన ప్రతి వీరుడికీ చేతిలో దివిటీ ఉంటే చాలు."

"నేను వీరుణ్ణి కాను కదండీ" అన్నాడు కుముదుడు ఆశగా.

మూడోనాడు. సూర్యుడు కొండకు ఎదురుగా వచ్చాడు. అరుణరేఖ అరుగు మీద కూర్చుని ఒడిలో ఇత్తడి పళ్ళెం పెట్టుకుంది. పాదాలు లేకపోతేనేం, చేతులున్నాయి. ఆ పళ్ళెం ఎంత తోమిందంటే, అందులో తన మొహం చూసుకుని సూర్యుడే బొట్టు సరిదిద్దుకున్నాడు.

"చైత్యం మలుపు దగ్గర బట్ట ఎవరు పడతారు?" అంది.

కుముదుడు గబ్బిలాన్ని అడిగాడు. గబ్బిలం మండిపడింది. "ఎండా! మా ఇంట్లోకా! మా కళ్ళు పేలిపోవాలనా నీ ఉద్దేశం?"

"కళ్ళు మూసుకోండి అవ్వా. ఏడు సముద్రాలూ నేను అలాగే దాటాను."

గబ్బిలం నవ్వు ఆపుకోలేక పైకప్పు నుంచి జారబోయింది. తన మందనంతా పిలిచింది. అరుణరేఖ ఇచ్చిన తెల్ల ఉత్తరీయం అంచుల్ని గోళ్ళతో పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, మలుపు దగ్గర తెరలాగా వేలాడాయి.

మాంత్రికుడు దివిటీ పట్టుకుని వచ్చాడు. "చేతులు లేవుగా బాబూ, మెడకు కట్టమంటారా?"

"వద్దండీ. నాకు భయం. జుట్టంటుకుంటుంది."

"వీపు మీద నిలబెడతాను పోనీ."

"తాతకు భయం."

"నాకు భయమే" అంది తాబేలు బుద్ధిగా.

మాంత్రికుడి మొహంలో నవ్వు మొదటిసారి తడబడింది. అప్పుడే అరుణరేఖ పళ్ళెం తిప్పింది. ఎండ బాణంలా లోపలికి దూసుకుపోయింది. మలుపు దగ్గర తెల్లబట్ట మీద పడి, మెత్తబడి, పాలలాగా లోపలి గదిలోకి పారింది. దారిలో ఆ వెలుగు బుద్ధ భగవానుడి మొహం మీదుగా వెళ్ళింది. ఇంతకాలం మసకలో గంభీరంగా ఉన్న పెదవుల మూల చిన్న చిరునవ్వు ఉందని అప్పుడు తెలిసింది.

"తాతా, త్వరగా! సూర్యుడు ఆగడు."

"పరుగెడుతున్నానురా!" అంది తాబేలు, ఒక కాలు ఎత్తి.

వెలుగు నెమ్మదిగా పక్కకు జరుగుతోంది. అరుణరేఖ పళ్ళాన్ని వెంట్రుకవాసి, వెంట్రుకవాసి తిప్పుతోంది. ఎండకు ఇత్తడి కాలిపోయి ఆమె అరచేతులు బొబ్బలెక్కాయి. పళ్ళెం మాత్రం వదల్లేదు. గబ్బిలాల మూసిన రెప్పల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అవీ బట్ట వదల్లేదు.

తాబేలు గది గుమ్మం దాటింది. కుముదుడు తలెత్తి చూశాడు. దానిమ్మతోట ఒక్కసారిగా విచ్చుకుంది. ఎర్రటి పళ్ళు, పచ్చటి ఆకులు, ఆకుపచ్చ చిలకలు, ఆకుపచ్చ చిలకలు, ఆకుపచ్చ చిలకలు. వాటి నడుమ, కింది కొమ్మ మీద, ఒకే ఒక్క చిలక.

నీలం!

నూనెదీపం పసుపురంగు వెలుగులో నీలమూ ఆకుపచ్చా ఒకేలా కనబడతాయి. దొంగతనంగా గీసిన తొందరలో మాంత్రికుడు కుంచెను ఒక రంగుచిప్పకు బదులు ఇంకో దాంట్లో ముంచాడు. దీపం వెలుగులో గీశాడు, దీపం వెలుగులోనే చూసుకున్నాడు. తన ప్రాణం ఏ రంగులో ఉందో వాడికే ఈ క్షణం దాకా తెలియదు.

"నీలమా!" అని వెనకనుంచి కేక వినబడింది. నున్నటి గొంతు పగిలిన కుండలా ఉంది. "ఆగు! అడుగు వేశావంటే..."

ఇక పందెం లేదు, నియమం లేదు. మాంత్రికుడు గోడ మీద కుముదుడి ఒళ్ళు గీసేస్తున్నాడు. మోకాళ్ళు, నడుము, ఛాతీ. ఒక్కో గీతకూ చలి పైకి పాకుతోంది. తాబేలు ఇంకా రెండడుగుల దూరంలో ఉంది. భుజాలు గీశాడు. మెడ గీశాడు. తాబేలు ఒకడుగు వేసింది. మొహం గీశాడు. కుంచెను నల్లరంగులో ముంచి కుడికన్ను పెట్టాడు. కుముదుడికి కుడివైపు లోకమంతా ఆరిపోయింది.

ఎడమకన్ను మిగిలింది. ఆ కంటికి నీలిచిలక కనబడుతోంది. జానెడు దూరం. చేతులు లేవు. కాళ్ళు లేవు. మెడ కొయ్యబారుతోంది.

"మనవడా, గట్టిగా పట్టుకో!" అంది తాబేలు.

"దేనితో తాతా!"

తాబేలు తన జీవితంలో మొదటిసారీ చివరిసారీ ఎగిరి గంతేసింది. కొండంత తాబేలు గంతేస్తే కొండ ఊగింది, ఏడు సముద్రాలూ తొణికాయి, కల్లు సముద్రం కొంత పాల సముద్రంలో ఒలికింది. కుముదుడు ముందుకు తూలాడు. కుంచె ఎడమకంటి మీదికి దిగుతోంది. చుక్క పడబోతోంది. అతని ముక్కు పోయి నీలిచిలక రెక్కకు కొట్టుకుంది.

గోడలో రెక్కలు టపటపలాడాయి. నీలిచిలక కొమ్మ వదిలి, గోడ వదిలి, గాలిలోకి వచ్చింది. గదిలో ఒక చుట్టు తిరిగింది. మాంత్రికుడు దాన్ని పట్టుకోబోయాడు.

"రా, నా బంగారూ, నా ప్రాణమా, వెనక్కి రా!" అని బతిమాలాడు.

చిలక ఆ వెలుగు బాట పట్టుకుని, తెల్లబట్ట మీదుగా, బుద్ధుడి భుజం పక్కగా, వాకిలి దాటి ఆకాశంలోకి పోయింది. గోడలో దాచుకున్న వెయ్యేళ్ళ వయసు ఒక్క ఊపిరిలో మాంత్రికుడి మీద పడింది. జుట్టు రాలింది. నడుము వంగింది. పాత గోడ మీది గచ్చులా పెచ్చులు పెచ్చులుగా ఊడి, గుప్పెడు మసిగా నేల మీద మిగిలాడు. ఎవరూ వాడి మీద చెయ్యి వేయలేదు. భిక్షువుల చోటు కదా, అక్కడ ఎవరినీ చంపకూడదు.

అప్పుడు గోడలు కదిలాయి. కాషాయాలు కట్టిన భిక్షువులు ఒక్కొక్కరే దిగారు. చిత్రగిరి రాజుగారు దిగి, కిరీటం తడుముకున్నారు. ఉగ్రబాహువు గుర్రంతో సహా దూకాడు, తెరిచిన నోటితోనే.

"...అని అన్నాను కదా! చూశారా, ఒంటిచేత్తో గెలిచాను!"

"అన్నయ్యా, నువ్వు గోడమీద ఉన్నావు" అన్నాడు చతురసేనుడు.

"గోడమీద నుంచే గెలిచాను!"

కుముదుడు పెద్దన్న మెడ కావలించుకుని భోరున ఏడ్చాడు. కావలించుకున్నాక గానీ చేతులు తిరిగి వచ్చాయని తెలియలేదు. కాళ్ళూ వచ్చాయి. రెండు కళ్ళూ వచ్చాయి. ఆ కళ్ళతో మొదట వాకిలి వైపు చూశాడు. అరుణరేఖ గోడ పట్టుకుని, తన సొంత పాదాల మీద, ఒక్కో అడుగే వేసుకుంటూ లోపలికి వస్తోంది.

పెళ్ళి ఆ చిత్రగిరి ముంగిట్లోనే జరిగింది. ధవళకీర్తి మహారాజు, రాణిగారు ఓడల మీద వచ్చారు. పందిరి ఎంత పెద్దదంటే, ఒక మూల వాన పడుతుంటే రెండో మూల ఎండ కాసింది. వడ్డనకు బయలుదేరినవాళ్ళు చివరి పంక్తి చేరేసరికి మొదటి పంక్తికి మళ్ళీ ఆకలేసింది. రాణిగారు పక్కపక్కన మూడు పీటలు వేసి, ముగ్గురు కొడుకులూ కడుపునిండా తినేదాకా లేవలేదు. గబ్బిలం అవ్వకు పందిరి వాసానికి గౌరవంగా తలకిందుల ఆసనం వేశారు. తాబేలు తాత తన గంతు గురించి ఎవరు అడిగినా అడగకపోయినా చెప్పింది. చెప్పినప్పుడల్లా అది మూరెడు పెరిగింది.

పురోహితుడు వధువు చెయ్యి పట్టుకోమన్నాడు. అరుణరేఖ అరచేతి బొబ్బలు ఇంకా మానలేదు. కుముదుడు మెల్లిగా పట్టుకున్నాడు.

"వణుకుతున్నావా?" అంది ఆమె, ఎవరికీ వినబడకుండా.

"వణుకుతున్నాను. మీకు నొప్పి పుడుతుందేమోనని."

"నొప్పిగానే ఉంది. వదలకు."

అతను వదల్లేదు. అలా చెయ్యీ చెయ్యీ పట్టుకునే వాళ్ళు ఏడు సముద్రాలకు ఇవతలా అవతలా కూడా చల్లగా ఏలారు. వాళ్ళ కొడుకులు ఏలారు, ఆ కొడుకుల కొడుకులు ఏలారు. ఆ పెళ్ళి భోజనం తిన్నవాళ్ళ తేన్పులు మొన్నమొన్నటి దాకా ఈ పక్క ఆకాశంలో ఉరుముల్లా వినబడుతూనే ఉన్నాయి. వాళ్ళు సుఖంగా ఉన్నారు, విన్న పిల్లలు అంతకంటే సుఖంగా ఉండాలి.